సంఖ్య పక్కన అక్షరం: సంక్షిప్త సంఖ్యల చరిత్రలో జావా అధ్యాయం

జావా భాషను కొత్తగా నేర్చుకునేవారికి ఇచ్చే అభ్యాసాలలో ఒకటి చూడడానికి చాలా చిన్నది: వాడుకరి '10కె' అనో '1.2ఎం' అనో టైపు చేసినప్పుడు ప్రోగ్రాం వాటిని పది వేలుగా, పన్నెండు లక్షలుగా గ్రహించి తరువాతి లెక్కకు అందించాలి. జావాలో సంఖ్య వేరు, ఆ సంఖ్యను సూచించే అక్షరాల వరుస వేరు. అటువంటి వరుసను స్ట్రింగ్ అంటారు, దానితో కూడికలూ గుణకారాలూ సాగవు. '10000' అనే స్ట్రింగును సంఖ్యగా మార్చే సాధనం భాషతో పాటే వచ్చింది కాని '10కె'ను మార్చే సాధనం రెండు దశాబ్దాలకు పైగా రాలేదు, అందువల్ల ఆ పని విద్యార్థుల వంతయింది. పది పన్నెండు పంక్తులలో ముగిసే ఈ అభ్యాసం వెనుక, పెద్ద సంఖ్యను కుదించి రాసి, చదివేవాడే దానిని విప్పుకుంటాడని నమ్మే చాలా పాత లేఖన ఆచారం ఉంది. ఆ ఆచారంలో అక్షరానికి విలువనిచ్చేది రాసేవాడికీ చదివేవాడికీ మధ్య నడిచే ఒప్పందమే. ఒప్పందం మారినా అక్షరం మారకపోవడం వల్ల పుట్టిన చిక్కులతోనే దాని చరిత్ర అంతా నిండి ఉంది.

భారతదేశంలో ఈ ఆచారానికి తొలి శాస్త్రీయ రూపం క్రీ.శ. 499 నాటి ఆర్యభటీయంలో కనిపిస్తుంది. గ్రహాల భ్రమణ సంఖ్యలను కొద్దిపాటి శ్లోకాలలో ఇమడ్చవలసి వచ్చిన ఆర్యభటుడు హల్లులకు అంకెల విలువలను, అచ్చులకు స్థానాల విలువలను కేటాయించాడు. 'క' నుండి 'మ' వరకు ఉన్న ఇరవై ఐదు అక్షరాలు వరుసగా 1 నుండి 25 వరకు గల సంఖ్యలకు, 'య' నుండి 'హ' వరకు ఉన్నవి 30, 40 మొదలుకొని 100 వరకు గల సంఖ్యలకు గుర్తులు. హల్లుతో 'అ' కలిస్తే దాని విలువ మారదు, 'ఇ' కలిస్తే నూరు రెట్లు, 'ఉ' కలిస్తే పది వేల రెట్లు, 'ఋ' కలిస్తే పది లక్షల రెట్లు అవుతుంది. ఒక యుగంలో సూర్యునికి చెప్పిన భ్రమణాల సంఖ్య అయిన 43,20,000 ఈ పద్ధతిలో 'ఖ్యుఘృ' అనే రెండక్షరాల మాటగా మారింది. దానిని విప్పాలంటే ముందుగా సంయుక్తాక్షరాన్ని విడదీయాలి: 'ఖ'కు రెండు, 'య'కు ముప్పై, రెండింటికీ 'ఉ' కలిసినందున ముప్పై రెండు పదివేలు, అంటే 3,20,000, 'ఘ'కు నాలుగు, 'ఋ' కలిసినందున 40,00,000, ఈ రెండూ కూడితే కావలసిన సంఖ్య వస్తుంది.

విడదీయడం, విలువ చూడడం, స్థానంతో గుణించడం, కూడడం అనే ఈ నాలుగు మెట్లు నేటి జావా విద్యార్థి రాసే ప్రోగ్రాంలోనూ దాదాపు అదే క్రమంలో ఉంటాయి. ఆర్యభటుడి అచ్చు చేసే పనినే నేటి సంక్షిప్త సంఖ్యలో చివరి అక్షరం చేస్తుంది: తనకంటూ ఒక పరిమాణం లేకుండా, తనకు ముందున్న దానిని ఇన్ని రెట్లు చేయమని చెబుతుంది. ఇటువంటి గుర్తును గుణక ప్రత్యయం అనవచ్చు. అయితే ఆర్యభటుడు తన ఒప్పందాన్ని గ్రంథంలోనే ఒక సూత్రంగా చెప్పి ఆ తరువాతే సంఖ్యలను ఇచ్చాడు. ఈ జాగ్రత్త తరువాతి కాలపు సంక్షేపకారులలో అరుదు. నోరు తిరగని మాటలు పుట్టించే ఈ పద్ధతిని తరువాతి జ్యోతిష్కులు పెద్దగా వాడలేదు. వారిలో ప్రాచుర్యం పొందిన కటపయాది పద్ధతిలో గుణకాలే లేవు, ప్రతి అక్షరం ఒక అంకె మాత్రమే, చదవడం కుడి నుండి ఎడమకు. 'ధీరశంకరాభరణం' అనే పేరులోని 'ధీ'కి తొమ్మిది, 'ర'కు రెండు, తిప్పి చదివితే ఇరవై తొమ్మిదవ మేళకర్త అని కర్ణాటక సంగీతం నేర్చుకునే పిల్లలకు నేటికీ తెలుసు.

తెలుగునాట కరణాల లెక్కల పుస్తకాలలో ఒప్పందం మరో విధంగా నడిచింది. అక్కడ కుదించవలసినవి పెద్ద సంఖ్యలు కావు, భిన్నాలు. నాలుగు సోలలు ఒక మానిక, నాలుగు మానికలు ఒక కుంచం, నాలుగు కుంచాలు ఒక తూము అనే కొలతలలోనూ, రూపాయికి నాలుగు పావలాలు, పావలాకు నాలుగు అణాలు అనే నాణేలలోనూ నాలుగు చొప్పున విభజన ఉండడం వల్ల భిన్నాల రాత కూడా నాలుగు ఆధారంగానే ఏర్పడింది. పూర్ణ సంఖ్య తరువాత వచ్చే మొదటి స్థానంలో, అంటే కాలు, అర, ముప్పాతికల స్థానంలో, నిలువు గీతలు. రెండవ స్థానంలో, అంటే పదహారవ వంతైన వీసాల స్థానంలో, అడ్డ గీతలు. ఆ తరువాతి స్థానంలో మళ్లీ నిలువు గీతలు. ఒక స్థానం ఖాళీగా ఉన్నదని చెప్పడానికి హళ్లి అనే వేరు గుర్తు ఉండేది. సి.పి. బ్రౌన్ తన తెలుగు వ్యాకరణంలో ఈ గుర్తులను వివరించాడు. ఈ రాతలో గుణకానికి విడిగా అక్షరం లేదు. గీత నిలువా అడ్డమా అన్నది, దాని ముందు ఏమున్నదన్నది, ఆ పంక్తి ధాన్యానిదా డబ్బుదా అన్నది కలిపి చూస్తేనే విలువ తెలిసేది. 1957 ఏప్రిల్ 1న రూపాయిని నూరు నయాపైసలుగా విభజించిన తరువాత డబ్బు లెక్కలలో ఈ గీతలకు పని లేకపోయింది. కంప్యూటర్లలో అక్షరాలకు సంకేతాలిచ్చే యూనికోడ్ ప్రమాణం 2008లో వీటికి, తూము గుర్తుకు కూడా, చోటు కల్పించింది. వాటిని విలువగా మార్చే ప్రోగ్రాం రాయదలచినవారు మాత్రం కరణం మనసులో ఉండిన సందర్భాన్ని కూడా రాయవలసి ఉంటుంది.

నేటి '10కె'లోని కె ఫ్రాన్సు నుండి వచ్చింది. విప్లవ ప్రభుత్వం 1795 ఏప్రిల్ 7న చేసిన కొలతల చట్టంలో వెయ్యి రెట్లకు గ్రీకు మూలం నుండి తీసిన 'కిలో', పది వేల రెట్లకు 'మిరియా', వెయ్యవ వంతుకు లాటిన్ మూలం నుండి 'మిల్లి' అనే ఉపసర్గలు నిర్ణయమయ్యాయి. భారతీయులు పది వేలకు, లక్షకు వేరు వేరు మెట్లు పెట్టుకున్నట్లే ఫ్రెంచివారూ పది వేలకు ఒక మెట్టు పెట్టారు కాని మిరియా నిలవలేదు. పది లక్షల రెట్లకు 'మెగా' అనే ఉపసర్గ 1873లో బ్రిటిష్ శాస్త్రాభివృద్ధి సంఘం కమిటీ ద్వారా స్థిరపడింది. 'గిగా', 'టెరా' 1960లో అంతర్జాతీయ తూనికలు కొలతల మహాసభలో చేరాయి. ఈ ఏర్పాటులో అక్షర పరిమాణం విలువను మారుస్తుంది: చిన్న ఎం వెయ్యవ వంతు, పెద్ద ఎం పది లక్షల రెట్లు, కిలోకు చిన్న కె, ఉష్ణోగ్రత ప్రమాణమైన కెల్విన్‌కు పెద్ద కె. వ్యాపారులు ఈ నియమాన్ని ఎన్నడూ పట్టించుకోలేదు. రోమన్ అంకెలలో ఎం అంటే వెయ్యి కనుక అమెరికా సహజవాయువు రంగంలో వెయ్యి ఘనపుటడుగులకు నేటికీ ఒక ఎం రాస్తారు, పది లక్షలకు వెయ్యి వేలనే భావంతో రెండు ఎంలు రాస్తారు. ఒకే అక్షరానికి వెయ్యవ వంతు, వెయ్యి, పది లక్షలు అనే మూడు విలువలు ఇరవయ్యవ శతాబ్దంలో పక్కపక్కనే చలామణిలో ఉన్నాయి. ఏ కాగితం మీద ఉన్నదో తెలిసిన మనిషికి ఇబ్బంది లేదు, కాగితం తెలియని యంత్రానికే ఇబ్బంది.

ఎలక్ట్రానిక్స్ రంగం మరొక అలవాటు తెచ్చింది. పటాలను నకలు తీసినప్పుడు దశాంశ బిందువు చెరిగిపోయే ప్రమాదం ఉన్నందున ఇంజనీర్లు ఆ బిందువు ఉండే చోటనే అక్షరాన్ని రాశారు. 4,700 ఓంల నిరోధకం '4కె7' అయింది. స్ట్రింగు చివరి అక్షరాన్ని మాత్రమే చూసే ప్రోగ్రాంకు ఇక్కడ ఏడు అనే అంకె తప్ప గుణకం కనిపించదు.

కంప్యూటర్ల వారి చేతిలో కె తన వెయ్యిని కూడా కోల్పోయింది. యంత్రపు జ్ఞాపకశక్తి రెండు ఘాతాలలో పెరుగుతుంది, రెండును పది సార్లు గుణిస్తే 1,024 వస్తుంది, అది వెయ్యికి దగ్గరగా ఉన్నది కనుక ఇంజనీర్లు దానినే కె అన్నారు. తేడా చిన్నదిగా ఉన్నంతకాలం ఎవరికీ పట్టలేదు కాని మెగాకు వచ్చేసరికి అది దాదాపు ఐదు శాతం, గిగాకు ఏడు శాతం దాటింది. 1.44 మెగాబైట్ల ఫ్లాపీ అని అమ్మిన డిస్కులో నిజానికి పట్టేది 14,74,560 బైట్లు. దానిని వెయ్యి వేలతో భాగించినా, 1,024ను 1,024తో గుణించి భాగించినా 1.44 రాదు, ఒకసారి 1,024తోనూ మరొకసారి 1,000తోనూ భాగిస్తేనే వస్తుంది. సంక్షిప్త సంఖ్యల చరిత్రలో ఇంత నిస్సంకోచమైన కలగాపులగం మరొకటి దొరకడం కష్టం. అంతర్జాతీయ విద్యుత్ సాంకేతిక సంఘం 1998లో 1,024కు 'కిబి', దాని వర్గానికి 'మెబి' అనే కొత్త ఉపసర్గలను ప్రకటించింది. వాటిని గ్రంథాలు గౌరవించినంతగా వాడుక గౌరవించలేదు.

యంత్రమే స్వయంగా సంక్షిప్త సంఖ్యను చదవడం కూడా ఈ కాలంలోనే ఆచారమైంది. 1970 దశకంలో బెల్ లాబ్స్ యూనిక్స్ వ్యవస్థలోని 'డీడీ' అనే ఆదేశం సంఖ్య చివర కె ఉంటే 1,024తో, బి ఉంటే 512తో, డబ్ల్యు ఉంటే రెండుతో గుణించుకునేది. బి అంటే ఇక్కడ బిలియన్ కాదు, డిస్కు మీది ఒక బ్లాకు. అంతకు ముందే, 1957లో ఐబీఎం విడుదల చేసిన ఫోర్ట్రాన్ భాష ఒప్పందపు బెడద తక్కువగా ఉండే మరో దారి చూపింది: '1.5ఇ3' అని రాస్తే ఒకటిన్నరను పది మూడవ ఘాతంతో గుణించాలని అర్థం. ఇక్కడ అక్షరం గుణకాన్ని సూచించదు, తరువాత వచ్చే అంకె ఘాతమని మాత్రమే చెబుతుంది. ఎన్ని రెట్లో రాతలోనే ఉంటుంది కనుక వివాదానికి తావు లేదు. సామాన్య వాడుకలోకి మాత్రం అది రాలేదు.

సన్ మైక్రోసిస్టమ్స్ సంస్థలో జేమ్స్ గాస్లింగ్ నాయకత్వంలో రూపొందిన జావాను 1995 మే 23న ప్రకటించారు, మొదటి అధికారిక సంచిక 1996 జనవరి 23న వెలువడింది. స్ట్రింగును పూర్ణాంకంగా మార్చే 'పార్స్‌ఇంట్' అనే విధానం ఇందులో మొదటి నుండి ఉంది. అది స్ట్రింగులోని అక్షరాలను ఎడమ నుండి ఒక్కొక్కటిగా తీసుకుని, ప్రతి అక్షరం ఏ అంకెకు గుర్తో అడిగి తెలుసుకుని, అప్పటివరకు వచ్చిన ఫలితాన్ని పదితో గుణించి ఆ అంకెను చేరుస్తుంది. లోపల ఈ లెక్క రుణ సంఖ్యలలో సాగి చివరకు గుర్తు మారుతుంది, ఎందుకంటే జావా పూర్ణాంకానికి ధన వైపు హద్దు 2,14,74,83,647 కాగా రుణ వైపు ఒకటి ఎక్కువ పడుతుంది. అంకె కాని అక్షరం ఎదురైన వెంటనే విధానం ఆగిపోయి 'నంబర్‌ఫార్మాట్ ఎక్సెప్షన్' అనే లోపాన్ని విసురుతుంది. '10కె'కు దక్కే సమాధానం అదే. అయితే అంకె ఏదన్న ప్రశ్నకు జావా యూనికోడ్ పట్టిక చూసి జవాబు చెబుతుంది కనుక '౧౨౩' అని తెలుగు అంకెలలో ఇచ్చినా పార్స్‌ఇంట్ నూట ఇరవై మూడుగా చదువుతుంది. తెలుగువారే రోజువారీ రాతలో దాదాపు వదిలేసిన అంకెలను ఒక అమెరికన్ భాష చదవగలగడం చిత్రమే.

దశాంశ సంఖ్యలను చదివే 'పార్స్‌డబుల్' మరో రకం. దానికి తెలుగు అంకెలు తెలియవు; కాని ఫోర్ట్రాన్ నాటి ఇ తెలుసు, '1.5ఇ3' ఇస్తే 1,500గా మారుస్తుంది. జావా మూలపాఠంలో సంఖ్య రకాన్ని తెలపడానికి చివర రాసే డి, ఎఫ్ అనే అక్షరాలను కూడా అది మారుమాటాడక అంగీకరిస్తుంది. '10కె'ను తోసిపుచ్చి '10డి'ని పదిగా చదివే ఈ తీరు, తప్పుడు అక్షరాలన్నీ వాటంతట అవే పట్టుబడతాయని నమ్మిన ప్రోగ్రాంలను మోసగిస్తుంది.

2003-04 విద్యా సంవత్సరం నుండి అమెరికా పాఠశాలల అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ కంప్యూటర్ పరీక్షకు జావా మాధ్యమమైంది; హైదరాబాద్ అమీర్‌పేటలోని శిక్షణ కేంద్రాలలో 'కోర్ జావా' అనే పాఠ్యక్రమం వేలాది మందికి ఉద్యోగ ద్వారమైంది. తొలి పాఠాలలోనే నేర్పే సాధనాలతో సంక్షిప్త సంఖ్యను విప్పే పద్ధతి సులువుగానే ఏర్పడుతుంది: స్ట్రింగు చివరి అక్షరాన్ని తీసి చూడడం, అది కె అయితే వెయ్యిని, ఎం అయితే పది లక్షలను, బి అయితే వంద కోట్లను గుణకంగా తీసుకోవడం, మిగిలిన భాగాన్ని దశాంశ సంఖ్యగా మార్చి గుణించడం. విలువను బట్టి దారి మళ్లించే 'స్విచ్' నిర్మాణం తొలినాళ్లలో ఒంటరి అక్షరాలను, పూర్ణాంకాలను మాత్రమే పోల్చేది; 2011లో వచ్చిన ఏడవ సంచికలో స్ట్రింగులను కూడా పోల్చగలిగాక రెండక్షరాల ప్రత్యయాలకు కూడా దారి సుగమమైంది. చిన్న కెను, పెద్ద కెను ఒకటిగా చూడడానికి స్ట్రింగు మొత్తాన్ని ముందే పెద్ద అక్షరాలలోకి మార్చడం వాడుక. కొలతల శాస్త్రం రెండు శతాబ్దాలలో కట్టిన అక్షర భేదం ఆ ఒక్క పంక్తిలో చెరిగిపోతుంది. డబ్బు లెక్కకు అది మేలే, ప్రయోగశాల లెక్కకు చేటు.

ఈ అభ్యాసంలో పాఠ్యపుస్తకాలు తగినంత చెప్పని రెండు గుంటలున్నాయి. మొదటిది హద్దుది: '3బి'లో మూడును వంద కోట్లతో పూర్ణాంకాలుగానే గుణిస్తే ఫలితం ధన హద్దును దాటిపోతుంది, జావా అప్పుడు ఏ లోపాన్నీ విసరక -1,29,49,67,296 అనే సంఖ్యను చేతికిస్తుంది. మామూలు పూర్ణాంకానికి రెట్టింపు చోటు తీసుకునే 'లాంగ్' రకం వాడితే బిలియన్లకు భయం లేదు. హద్దు దాటినప్పుడు చెప్పే గుణకార విధానం 2014 నాటి ఎనిమిదవ సంచికలో వచ్చింది. రెండవది మరింత సూక్ష్మమైనది. డబుల్ అనే రకం దశాంశాలను రెండు ఆధారంగా భద్రపరుస్తుంది కనుక 1.005 అన్న విలువ దానిలో సరిగ్గా ఇమడదు, లేశమాత్రం తగ్గుతుంది. దానిని వెయ్యితో గుణిస్తే 1004.9999999999999 వస్తుంది, పూర్ణాంకంగా కత్తిరిస్తే 1,004 మిగులుతుంది. '1.005కె' అని రాసినవాడు ఒక రూపాయి పోగొట్టుకుంటాడు. పది ఆధారంగానే లెక్కించే 'బిగ్‌డెసిమల్' ఈ దోషానికి మందు. స్ట్రింగును నేరుగా దానికి అందిస్తేనే ఆ మందు పనిచేస్తుంది, ముందు డబుల్‌గా మార్చి తరువాత అందిస్తే దోషం కూడా వెంట వస్తుంది.

భాషా గ్రంథాలయంలో సంక్షిప్త సంఖ్యను చదివే సాధనం లేని రోజులలోనే, జావా ప్రోగ్రాములను నడిపే యంత్రం మాత్రం సంక్షిప్త సంఖ్యలు చదువుతూ ఉండేది. ప్రోగ్రాంకు ఎంత జ్ఞాపకశక్తి ఇవ్వాలో చెప్పే 'ఎక్స్‌ఎంఎక్స్' అనే ఐచ్ఛికానికి '512ఎం' అని రాయవచ్చు, ఎం చిన్నదైనా పెద్దదైనా ఒకటే, గుణకం 1,024 వర్గం. అంటే తన ప్రోగ్రాంలో ఎంను పది లక్షలుగా నిర్వచించే విద్యార్థి, అదే ప్రోగ్రాంను నడిపే ఆదేశంలో అదే అక్షరాన్ని 10,48,576గా వాడుతుంటాడు.

2019 మార్చిలో వచ్చిన పన్నెండవ సంచిక 'కాంపాక్ట్‌నంబర్‌ఫార్మాట్' అనే తరగతిని చేర్చింది. ఇది సంఖ్యను కుదించి రాస్తుంది, కుదించినదానిని తిరిగి చదువుతుంది, ఏ భాషలో ఏ అక్షరం వాడాలో యూనికోడ్ సంస్థ నిర్వహించే భాషా దత్తాంశం నుండి తెచ్చుకుంటుంది. ఒప్పందాన్ని ప్రోగ్రాం బయట, అందరూ సవరణలు ప్రతిపాదించగల పట్టికలో ఉంచడం దీనిలోని గొప్ప మెరుగుదల. ఆ పట్టికే కొత్త వివాదాలకు వేదిక కావడమూ సహజం. భారతీయ ఆంగ్లానికి ఇచ్చిన వరుసలో లక్షకు ఎల్, కోటికి సీఆర్ ఉండడం అందరికీ నచ్చింది కాని వెయ్యికి కొంతకాలం టి ఉండేది. ఇతర దేశాల ఆంగ్లంలో అదే టి ట్రిలియన్, అంటే లక్ష కోట్లు. తెలుగు వరుసలో ఇంకో వింత ఉంది: వేలకు 'వే' తరువాత లక్షకు, కోటికి ఏ గుర్తూ లేకుండా మిలియన్‌కు 'మి', బిలియన్‌కు 'బి' వస్తాయి. లక్షలలో మాట్లాడే భాషకు లక్షలు లేని పట్టిక దక్కడం పాశ్చాత్య మూసను మన భాష మీద పరిచిన ఫలితంగానే తోస్తుంది. అంకెల మధ్య కామాల విషయంలోనూ ఇదే తీరు: జావాలోని మామూలు దశాంశ రూపకర్త ఒకే ఒక సమూహ పరిమాణాన్ని గుర్తిస్తుంది, రెండేసి, మూడేసి అంకెలు కలిసిన భారతీయ విభజనను దానికి చెప్పినా చివరి సమూహపు పరిమాణాన్నే అంతటా పాటిస్తుంది.

పైగా ఈ తరగతి కుదించేటప్పుడు దశాంశ భాగాన్ని సహజంగా ఉంచదు, సమాన దూరంలో ఉన్నదానిని దగ్గరి సరిసంఖ్య వైపు సర్దుతుంది. ఇరవై ఐదు లక్షలను తెలుగు వరుసతో రాయమంటే అది '2మి' అని రాస్తుంది, ఆ రాతనే తిరిగి చదవమంటే ఇరవై లక్షలు అంటుంది. భిన్న స్థానాల గరిష్ఠ సంఖ్యను ఒకటిగా ముందే నిర్ణయిస్తే తప్ప ఆ ఐదు లక్షలు నిలవవు.